కొల్లేరంతా తేట నీరే అన్న ప్రోగ్రాం

2001 ఫిబ్రవరి 9న మన దేశపు రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం కొల్లేరును చిత్రం తీసింది. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతాన్ని చేపల చెరువులు ఆక్రమించాయని ఆ చిత్రాన్ని పరిశీలించినవారు తేల్చారు. నీళ్లున్న చెరువులు 1050, ఎండిపోయినవి 38, అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. మరో 8.5 శాతం సాగులోకి పోయింది, అందులోనూ ఎక్కువ వరే. మిగిలిన చోటల్లా గుర్రపు డెక్క, గడ్డి, తుంగ. తేట నీరన్నది ఆ చిత్రంలో కనబడనే లేదు. ఐదేళ్ల తర్వాత, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ప్రభుత్వం గట్లు తెగ్గొట్టించడానికి ముందున్న పరిస్థితి అది.

అప్పట్లో ఇలాంటి లెక్క తీయడం సంస్థలకే సాధ్యమయ్యేది. ఇప్పుడు కైకలూరులోనో భీమడోలులోనో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ మీద తీయొచ్చు. యూరప్ అంతరిక్ష సంస్థ 2015లో మొదటిదాన్ని పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఎవరికైనా ఉచితం. పైథాన్ భాషా ఉచితమే, దాంట్లో అంకెల పట్టికలతో పనిచేయడానికి వాడే నంపై కూడా ఉచితమే. చేయాల్సిందీ తక్కువే. నీరు సమీప పరారుణ కాంతిని దాదాపుగా మింగేస్తుంది, పచ్చని ఆకు దాన్ని దండిగా వెనక్కి పంపుతుంది. అందుకని ఆకుపచ్చ కాంతి కొలతలోంచి పరారుణ కొలతను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే చాలని 1996లో మెక్‌ఫీటర్స్ అనే శాస్త్రవేత్త సూచించాడు. ఫలితం ఎప్పుడూ మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్యే ఉంటుంది. సున్నా దాటితే నీరు, దాటకపోతే నేల లేదా పచ్చదనం.

పది లైన్ల ప్రోగ్రాం రాసి, కొల్లేరు హద్దుల మేరకు చిత్రాన్ని కత్తిరించి నడిపితే వచ్చే జవాబు చూసి ముచ్చటపడాల్సిందే: సరస్సు మొత్తం నీరే! గుర్రపు డెక్క లేదు, కిక్కిస లేదు, వరి లేదు. ప్రోగ్రాం మధ్యలో ఆగలేదు, ఎర్ర అక్షరాల్లో ఏ హెచ్చరికా రాలేదు. సరస్సు బాగుపడాలని కోరుకునేవారు ఈ పటాన్ని చూసి సంతోషంగా నలుగురికీ పంపుతారు కూడా.

సున్నా కిందికి దిగలేని అంకెలు

తప్పు సూత్రంలో లేదు, తీసివేతలో ఉంది. ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ కొలతకు 16 బిట్ల చోటు కేటాయిస్తారు. కాంతి మోతాదు మైనస్‌లోకి పోదు కాబట్టి ఆ చోటును గుర్తు లేని అంకెలకే ఉంచారు. అందులో 0 నుంచి 65,535 వరకే పడతాయి.

గుర్రపు డెక్క పరుచుకున్న ఒక పిక్సెల్‌లో ఆకుపచ్చ కొలత 800, పరారుణ కొలత 2300 అనుకుందాం. తేడా మైనస్ 1500 రావాలి. కానీ మైనస్‌కు అక్కడ చోటు లేదు. సున్నా దగ్గర నేల అయిపోయేసరికి లెక్క పైకొసకు పోయి, అక్కడి నుంచి కిందికి దిగి 64,036 దగ్గర ఆగుతుంది. దాన్ని మొత్తమైన 3100తో భాగిస్తే 20.66. అసలు రావాల్సింది మైనస్ 0.48. సున్నా కంటే పెద్దది కాబట్టి ప్రోగ్రాం దానికి ‘నీరు’ అని ముద్ర వేస్తుంది. నిజంగా నీరున్న చోట ఆకుపచ్చ కొలతే పెద్దది గనుక అక్కడ లెక్క సరిగ్గానే వస్తుంది. ఫలితం ఒకటికి మించకూడదన్న సంగతి గుర్తుండి, 20.66 లాంటి అంకె కంటబడితే తప్ప ఈ మోసం బయటపడదు.

చిత్రాన్ని కత్తిరించకుండా మొత్తం నడిపి ఉంటే ఏలూరు, తాడేపల్లిగూడెం కూడా నీట మునిగినట్టు కనిపించేవి, తప్పు వెంటనే దొరికిపోయేది. ప్రోగ్రామింగులో గోల చేసే తప్పులు చవక. నోరు మెదపని తప్పులే ఖరీదైనవి. నలభై, యాభై ఏళ్లుగా భాషల రూపకర్తలు ‘టైపు వ్యవస్థ’ పేరిట పడుతున్న తంటాలన్నీ రెండో రకాన్ని మొదటి రకంగా మార్చడానికే.

ఒక పేరు వెనక ఎలాంటి విలువ ఉండొచ్చో, దానితో ఏయే పనులు చేయొచ్చో ముందే రాసిపెట్టే వాగ్దానం టైపు. ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ ఆ వాగ్దానాలన్నీ చదివి, ఒకదానితో ఒకటి పొసగని చోట ఆపేస్తుంది. ఆ కాపలాను పక్కకు తప్పించినప్పుడు ఏం జరుగుతుందో 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ చూపించింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి కుక్కబోతే అది పట్టలేదు. పట్టకపోతే ఏం చేయాలన్న జాగ్రత్తను అలాంటి ఏడు రాశుల్లో నాలుగింటికే పెట్టారు. మిగిలిన మూడింటిలో ఒకటి దెబ్బతీసింది. సుమారు 40 సెకన్లలో రాకెట్ గాల్లోనే ముక్కలైంది.

ముప్పై గుడ్లు, ఎన్ని ఆకారాలు

ఒక్క అంకె సంగతే ఇంత ఉంటే, అంకెలు కోట్లలో గళ్లుగా పేరుకున్నప్పుడు ఇంకొక చిక్కు మొదలవుతుంది. అలాంటి పట్టికను ప్రోగ్రామర్లు అర్రే అంటారు.

తణుకు, తాడేపల్లిగూడెం వైపు కోళ్లఫారాల నుంచి లారీలకెక్కే గుడ్ల ట్రేను చూడండి. ఐదు వరుసలు, వరుసకు ఆరు, మొత్తం ముప్పై గుంటలు. ట్రే గురించి చెప్పాల్సినవి రెండు: గుంటలో పట్టేది ఏమిటి, గుంటలు ఎన్ని వరుసల్లో ఉన్నాయి. అర్రేకూ అంతే, మూలకం టైపు ఒకటి, ఆకారం ఒకటి. తేడా ఎక్కడంటే, కంప్యూటర్ జ్ఞాపకంలో ట్రే ఉండదు. గుడ్లన్నీ ఒకే పొడవాటి వరుసలో ఉంటాయి. ‘ఆరేసి దాటితే తర్వాతి వరుస’ అన్న మాట మాత్రం విడిగా రాసి ఉంటుంది. ఆ మాటను ‘ఐదేసి దాటితే’ అని మారిస్తే అవే ముప్పై గుడ్లు ఆరు వరుసలుగా కనిపిస్తాయి. ఒక్క గుడ్డూ కదలదు, పగలదు, తగ్గదు. పక్కపక్కన ఉండాల్సినవి మాత్రం చెల్లాచెదురవుతాయి.

సెంటినెల్-2 చిత్రంలో ఈ ఆకారాలు నిజంగానే మారుతుంటాయి. అది 13 రంగుపట్టీల్లో చూస్తుంది. నాలుగింటిలో పిక్సెల్ వెడల్పు 10 మీటర్లు, ఆరింటిలో 20, మూడింటిలో 60. అందువల్ల ఒకే నేలను చూపే పలక ఒక పట్టీలో 10,980 వరుసలు, 10,980 నిలువులు. ఇంకో పట్టీలో అది 5490, 5490. మరోదాంట్లో 1830, 1830. మొదటి రకం పట్టీ ఒక్కదానిలోనే 12 కోట్లకు పైగా పిక్సెళ్లుంటాయి. పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున 24 కోట్ల బైట్లు. నీటిని ఇంకా బాగా పట్టుకోవాలని, మెక్‌ఫీటర్స్ సూత్రానికి 2006లో వచ్చిన సవరణ ప్రకారం సమీప పరారుణం బదులు మరింత దూరపు పరారుణాన్ని వాడితే, ఆ పట్టీ 20 మీటర్లది. ఆకుపచ్చలోంచి దాన్ని తీసేయమంటే నంపై ఒప్పుకోదు, ఆకారాలు కలవడం లేదని అరిచి ఆగిపోతుంది.

అరిచింది కాబట్టి పర్వాలేదు. కాకపోతే 24 కోట్ల బైట్లు దించుకుని, విప్పి, చదివాక గానీ అరవలేదు. టైపులోనే ఆకారం రాసి ఉంటే రాస్తుండగానే తెలిసేది.

అడ్డం నిలువైతే

అసలు గండం ఆకారాలు కలిసినప్పుడు. పలక చతురస్రం కదా, అడ్డు వరుసలు, నిలువు వరుసలు రెండూ 10,980. పొరపాటున ఒక చిత్రంలో వాటిని తారుమారు చేసినా ఆకారం మారదు. కొన్ని లైబ్రరీలు రంగుపట్టీ సంఖ్యను ముందు ఉంచితే కొన్ని చివర ఉంచుతాయి. వాటి మధ్య అటూ ఇటూ మారుస్తూ ఈ తారుమారు చేయడం చాలా తేలిక.

ఆ పటం ఎలా ఉంటుందో ఊహించుకోవడం సరదాగా ఉంటుంది. ఉత్తరం పడమర అవుతుంది, దక్షిణం తూర్పవుతుంది. సరస్సుకు ఉత్తరాన ఉన్న ఏలూరు పడమటికి పోతుంది. ఏలూరును కదలని గుర్తుగా ఉంచి చూస్తే, దానికి తూర్పున కాస్త ఉత్తరంగా ఉన్న తాడేపల్లిగూడెం దక్షిణానికి జారి, గుడివాడ కూడా దాటి తేలుతుంది. అయితే ఆగ్నేయం మాత్రం ఆగ్నేయంగానే మిగులుతుంది. కొల్లేరు నీళ్లను సముద్రంలోకి తీసుకుపోయే ఉప్పుటేరు ఆగ్నేయంగానే పారుతుంది. నైరుతి నుంచి ఈశాన్యానికి సాగే తీరం కూడా అదే వాలులో ఉంటుంది. సముద్రం ఉండాల్సిన వైపే ఉంది, ఏరు పారాల్సిన వైపే పారుతోంది. పటం పైపైన చూసేవారికి అనుమానం ఎందుకొస్తుంది?

ఇక్కడ ఆకారాన్ని అంకెల్లో రాయడం చాలదు. ‘10,980 ఉత్తర–దక్షిణ వరుసలు, 10,980 తూర్పు–పడమర నిలువులు’ అని అక్షాలకు పేర్లు పెట్టాలి. 2014లో మొదలైన ఎక్స్‌అర్రే అనే పైథాన్ లైబ్రరీ చేసేది ఇదే. రెండు అర్రేలను కలిపేటప్పుడు అది స్థానాన్ని కాక పేరును చూస్తుంది, తిరగబడిన చిత్రాన్ని తానే సరిచేసి కలుపుతుంది. పరిమాణాలను టైపుల్లోకి ఎక్కించడం మీద జరిగినంత పరిశోధన అక్షాల పేర్ల మీద జరగకపోవడం ఆశ్చర్యమే. చిత్రాలతో, కొలతలతో పనిచేసేవారికి పేర్ల వల్ల కలిగే మేలే ఎక్కువ.

బాక్సు: 28 బైట్లా, 32 బైట్లా?

అర్రేలోని ప్రతి గడిలో ఒక్క అంకే ఉండాలని లేదు. ఆకివీడు, మండవల్లి చుట్టుపక్కల చేపల చెరువులో కొలతల పరికరం పెడితే, ఒక్కో నమోదులో చెరువు నంబరు, సమయం, నీటిలో కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత, ఉప్పదనం ఉంటాయి. ఇలా పేర్లున్న అరలతో కూడిన గళ్ల పట్టికను నంపైలో స్ట్రక్చర్డ్ అర్రే అంటారు.

నంబరుకు 4 బైట్లు, సమయానికి 8, మిగిలిన నాలుగింటికీ తలా 4. మొత్తం 28. కానీ పరికరంలోని ప్రోగ్రాం సి భాషలో ఉంటే, కంపైలర్ సాధారణంగా నంబరు తర్వాత 4 బైట్లు ఖాళీగా వదిలేస్తుంది. ఎనిమిది బైట్ల విలువలు ఎనిమిది గుణిజంలో మొదలైతే ప్రాసెసర్‌కు చదవడం తేలిక, అందుకు. అప్పుడు నమోదు 32 బైట్లు. నంపై మాత్రం విడిగా చెబితే తప్ప ఖాళీలు ఉంచదు, 28 అనే అనుకుంటుంది.

అలా రాసిన ఫైలును ఇలా చదివితే మొదటి నమోదులో చెరువు నంబరు సరిగ్గానే వస్తుంది. సమయం అర్థం లేకుండా పోతుంది. ఆక్సిజన్ అరలోకి సమయంలో సగం వచ్చి పడుతుంది. పీహెచ్ అరలో ఆక్సిజన్ 5.2, ఉష్ణోగ్రత అరలో పీహెచ్ 8.1, ఉప్పదనం అరలో ఉష్ణోగ్రత 29 కూర్చుంటాయి. లీటరుకు 29 గ్రాముల ఉప్పంటే, 35 గ్రాములుండే సముద్రపు నీటికి దగ్గర. శీలావతి, బొచ్చె పెరిగే మంచినీటి చెరువులో! రెండో నమోదు నుంచి అన్నీ ఇంకో నాలుగు బైట్లు పక్కకు జరుగుతాయి.

పాస్కల్ పట్టుదల, సి ఉదారత

ఆకారాన్ని టైపులో పెట్టాలన్నది కొత్త ఆలోచన కాదు. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్‌లోనే అర్రే పరిమాణాన్ని ముందుగా ప్రకటించాల్సి ఉండేది, మూడు అక్షాలకు మించి అనుమతి లేదు. 1970లో నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్ భాష మరింత బిగించింది. పది అంకెల అర్రే ఒక టైపు, ఇరవై అంకెల అర్రే పూర్తిగా వేరే టైపు.

భద్రత బాగానే ఉంది. కానీ పది అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చే ప్రోగ్రాం ఇరవై అంకెలకు పనికిరాదు, మళ్లీ రాసుకోవాలి. పాస్కల్ తనకు ఎందుకు నచ్చదో వివరిస్తూ 1981లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన బ్రయాన్ కెర్నిగన్ రాసిన వ్యాసంలో పెద్ద ఫిర్యాదు ఇదే. తర్వాత వచ్చిన పాస్కల్ ప్రమాణంలో కొంత సడలింపు ఇచ్చారు.

సి భాష రెండో కొసకు పోయింది. అర్రేను ఒక ఫంక్షన్‌కు అందిస్తే అక్కడికి చేరేది అది ఎక్కడ మొదలవుతుందన్న చిరునామా మాత్రమే. ఎంత పొడవన్నది రాసేవాడి మంచితనం మీద ఆధారపడుతుంది. ఆ ఉదారతకు ప్రపంచం ఇప్పటికీ మూల్యం చెల్లిస్తూనే ఉంది. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపంలో, అవతలివాడు పంపిన సందేశం చిన్నదైనా ‘ఇంత పొడవు’ అని అబద్ధం చెబితే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్ నమ్మి, పక్కనున్న జ్ఞాపకంలోంచి 64 కిలోబైట్ల దాకా తీసి ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డ్‌లు, రహస్య తాళాలు ఉండే వీలుంది.

ఈ రెండు కొసల మధ్య దారి ఉంది. పరిమాణాన్ని టైపులో రాయాలి, కానీ పది, ఇరవై అని కాకుండా బడిలో బీజగణితంలో రాసినట్టు అక్షరంతో రాయాలి. ‘ఏదో ఒక పొడవు న గల అర్రేను ఇస్తే, అదే న పొడవుతో పేర్చిన అర్రేను తిరిగి ఇస్తాను’ అని. అప్పుడు ప్రోగ్రాం ఒక్కటే సరిపోతుంది, వాగ్దానమూ నిలుస్తుంది. 1998లో హోంగ్వే షీ, ఫ్రాంక్ ఫెన్నింగ్ ఇలాంటి టైపులతో అర్రే హద్దుల తనిఖీలను చాలావరకు కంపైలర్ దగ్గరే తేల్చేయొచ్చని చూపించారు. నడిచేటప్పుడు అడుగడుగునా ‘హద్దు దాటానా’ అని చూసుకునే పని తప్పడంతో ప్రోగ్రాం వేగమూ పెరుగుతుంది. ఇడ్రిస్, కోపెన్‌హాగెన్‌లో పుట్టిన ఫ్యూథార్క్ లాంటి భాషలు ఈ దారిలోనివే. రస్ట్ భాషలో పొడవును అక్షరంగా రాసే సౌకర్యం 2021లో స్థిరపడింది.

ముందే చెప్పలేనివి

కొల్లేరు చిత్రంలో నీటి పిక్సెళ్లను మాత్రమే ఏరి ఒక కొత్త అర్రేలో వేయమంటే దాని పొడవెంత? బుడమేరు, తమ్మిలేరు ఆ ఏడాది ఎంత నీరు తెచ్చాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కంపైలర్‌కు అది తెలిసే దారి లేదు. ఇలాంటి చోట టైపు వ్యవస్థలు మరోలా రాజీపడతాయి. ‘పొడవు ఎంతో తెలియదు కానీ ఏదో ఒకటుంది, దానికి మ అని పేరు పెడదాం’ అంటాయి. పచ్చ కొలతల అర్రే, పరారుణ కొలతల అర్రే రెండింటినీ ఒకే జల్లెడతో ఏరితే రెండింటికీ అదే మ. విలువ తెలియకపోయినా రెండూ సమానమన్నది తెలుస్తుంది, తీసివేతకు అంతే కావాలి.

బయటి నుంచి వచ్చే ఫైలు కూడా అంతే, తెరిచేదాకా లోపల ఏముందో తెలియదు. ఫైలు చదివే చోట ఒక్కసారి తనిఖీ చేసి, ఆకారం సరిపోయిందని తేలాక ఆ సంగతిని టైపుగా మార్చి లోపలికి పంపుతారు. ఆ తర్వాత లోపల ఎవరూ మళ్లీ అడగక్కర్లేదు. చెరువు నమోదుల ఫైలుకైతే ఆ తనిఖీ ఒక్కటే 28, 32 గొడవను మొదట్లోనే పట్టేస్తుంది.

వాడుకలో అందరికీ దగ్గరైన పైథాన్ ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొంది. టైపులు రాసే పద్ధతి 2015లో 3.5 వెర్షన్‌తో వచ్చింది. రాసినా నడిచేటప్పుడు భాష వాటిని పట్టించుకోదు, మైపై లాంటి విడి తనిఖీ సాధనాలు చదవాలి. నంపైకి టైపు వివరాలు 2021లో చేరాయి. ఎన్ని అక్షాలైనా పట్టేలా ఆకారాన్ని రాసే వీలు 2022లో 3.11తో వచ్చింది. అయినా ఎక్కువమంది రాసేది మూలకం టైపు వరకే. 16 బిట్ల గుర్తులేని అంకెల్లోంచి 16 బిట్ల గుర్తులేని అంకెలను తీసేస్తే వచ్చేదీ అదే టైపు కాబట్టి, తనిఖీ సాధనం గుర్రపు డెక్క లెక్కకు తలూపి పంపించేస్తుంది. అంటే టైపు ఉంటే చాలదు, సరైనంత వివరంగా ఉండాలి. ‘16 బిట్ల అంకె’ అన్నది యంత్రం వివరం. ‘ఉపగ్రహం పంపిన ముడి కొలత’ అన్నది మనిషికి కావాల్సిన వివరం. ముడి కొలతను దశాంశంలోకి మార్చకుండా తీసివేత చేయనివ్వని టైపు ఒకటి రాసుకుంటే కొల్లేరు పటం మొదటి లైన్లోనే ఆగేది.

నీటి సూచీ ఫంక్షన్‌ను ఆ పద్ధతిలో ప్రకటించడం కష్టమేమీ కాదు. ఉత్తర–దక్షిణంగా వ, తూర్పు–పడమరగా న పిక్సెళ్లున్న ఆకుపచ్చ పట్టీ, అదే వ, న ఉన్న పరారుణ పట్టీ, రెండింటిలోనూ దశాంశ సంఖ్యలు. తిరిగి వచ్చేది అదే వ, న ఆకారంలో మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఉండే సూచీ. ముడి అంకెలు, చాలని వరుసలు, తిరగబడ్డ అక్షాలు మూడూ ఈ గుమ్మం దగ్గరే నిలిచిపోతాయి.

మేఘాల నీడలు మాత్రం నిలిచిపోవు. వానాకాలంలో కొల్లేరు మీద మబ్బు నీడ పడ్డ పొలం ఈ సూచీకి తరచూ నీరులాగే కనిపిస్తుంది. ఆకారం సరైనదే, అంకె సరైనదే, అక్షాల పేర్లూ సరైనవే, జవాబు మాత్రం తప్పు. దానికి సెంటినెల్-2 చిత్రాలతోపాటే వచ్చే వర్గీకరణ పొరను తెచ్చి, మేఘాలు, నీడలు పడ్డ పిక్సెళ్లను తీసేయాలి. ఆ పొర 20 మీటర్లది, అంటే 5490 వరుసలు, 5490 నిలువులు. ఆకుపచ్చ పట్టీతో కలపాలంటే ముందు దాన్ని రెట్టింపు చేయాలి.